అడుగు మచ్చు

ఆర్సేసియో తోవార్ యాభై తొమ్మిదో ఏట విశ్వవిద్యాలయంలో చేరాడు. చదువు మీద మమకారంతో కాదు, కోపంతో చేరాడు.

కాఫీ సహకార సంఘం నుంచి కాగితం వచ్చింది. కొనుగోలు కేంద్రాల్లో నాణ్యం తేల్చేవాళ్ళందరూ డిసెంబరు లోపల 'వ్యాపార నిర్ణయాలకు ప్రాథమిక గణాంకాలు' అనే చదువు పూర్తిచేసి సర్టిఫికెట్ తేవాలట. తేనివాళ్ళు చువ్వ అప్పగించాలట.

చువ్వ అంటే మూరెడు పొడవు ఇనప గొట్టం. మొన వాడిగా ఉంటుంది, పొట్ట తెరుచుకుని ఉంటుంది. బస్తాలో గుచ్చి లాగితే ఆ పొట్టలోకి గింజలు వస్తాయి. అదే మచ్చు. రెండువందల యాభై గ్రాముల మచ్చు తూచి, పొట్టు తీసి, తాలు గింజలూ ముక్కలూ ఏరి వేరే తూస్తారు. తాలు పదిహేను గ్రాములు దాటితే బస్తా వెనక్కి. ఇరవై ఏడేళ్ళుగా ఆ చువ్వ ఆర్సేసియో చేతిలోనే ఉంది. దాని చెక్కపిడి అతని అరచేతికి తగ్గట్టు అరిగిపోయింది.

అతని భార్య ఓదిలియా పోయి రెండేళ్ళయింది. పిల్లలు లేరు. చువ్వ కూడా పోతే సోమవారం పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలో అతనికి తెలియదు. అందుకే నోరు మూసుకుని సంతకం పెట్టాడు.

క్లాసులు శనివారం పొద్దున ఏడు నుంచి పన్నెండు దాకా, పట్నంలో. ఉయిలా కొండల్లోంచి దిగి వెళ్ళాలంటే నాలుగున్నరకే జీపెక్కాలి. గదిలో ముప్పై మంది పిల్లలు, పందొమ్మిదీ ఇరవయ్యీ వయసువాళ్ళు. వాళ్ళ మధ్య తెల్లజుట్టు ఇతనిదొక్కటే. ఊళ్ళో ఐదో తరగతి చదివాడు. మిగతాది నలభై దాటాక, ఓదిలియా పోరు పడలేక, ఆదివారం బడిలో పూర్తిచేశాడు. ఆ రోజుల్లో ఆమె పక్క బెంచీ మీద కూర్చుని స్వెట్టరు అల్లుకుంటూ, అతను కునికితే సూదితో పొడిచేది. ఇప్పుడు పక్క బెంచీ మీద నూబియా అనే ఆమె కూర్చుంది. నలభై ఏళ్ళు ఉంటాయి, బస్సు కంపెనీలో టికెట్లు అమ్ముతుంది. అతని తర్వాత గదిలో పెద్దది ఆమే.

పాఠం చెప్పే యురానీ మొస్కేరాకి ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. మొదటి రోజే అందర్నీ లేపి, పనిలో మీరు రోజూ తీసుకునే నిర్ణయం ఒకటి చెప్పండి, అది సరైనదని ఎలా తెలుసో కూడా చెప్పండి అంది. పిల్లల్లో చాలామందికి పనే లేదు. ఫోను ఏది కొనాలో, ఏ సబ్జెక్టు తీసుకోవాలో చెప్పి కూర్చున్నారు. ఆర్సేసియో వంతు వచ్చింది.

"బస్తా అడుగున గుచ్చుతాను" అన్నాడు. "పైనా కాదు, నడుమా కాదు. అడుగున. అడుగు అబద్ధం చెప్పదు."

"ఎలా తెలుసు, దోన్ ఆర్సేసియో?" అంది యురానీ. పెద్దవాళ్ళ పేరు ముందు దోన్ అని చేర్చడం అక్కడి మర్యాద.

"దొంగ ఎవడైనా తాలు అడుగునే పోస్తాడు కాబట్టి తెలుసు. ఇరవై ఏడేళ్ళలో ఎంతమందిని పట్టుకున్నానో. మా ఆవిడ తమ్ముణ్ణి కూడా పట్టుకున్నాను. వదల్లేదు."

యురానీ వెనక్కి తిరిగి, బోర్డు మీద ఒక మూల 'అడుగు అబద్ధం చెప్పదు' అని రాసి, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. పన్నెండింటిదాకా మిగతా బోర్డంతా చెరిపింది గాని ఆ మూల చెరపలేదు.

ఆర్సేసియోకి ఒళ్ళు మండింది. తన మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకామె మట్టిలో ఉంది.

*

ఓదిలియా తమ్ముణ్ణి పట్టుకున్న సంగతి జరిగి ఎనిమిదేళ్ళయింది. బావమరిది బెలార్మీనో కుయ్యార్‌ది లా ఒర్కేతా. ఆ ఏరియాలో అన్నిటికంటే దూరంగా, అన్నిటికంటే ఎత్తున ఉన్న పల్లె అది. ఇల్లు రోడ్డు పక్కనే గాని, అప్పట్లో కాఫీ ఎండబెట్టి బస్తాలకెత్తేది కొండ పైనున్న తోటలో. తోట నుంచి రోడ్డు దాకా రెండు గంటలు కంచరగాడిద మీద, అక్కణ్ణించి రెండు గంటలు జీపులో. ఆ రోజు పన్నెండు బస్తాలు తెచ్చాడు. కేంద్రం ముందు నలభై మంది వరసలో ఉన్నారు. ఆర్సేసియో మొదటి బస్తా అడుగున గుచ్చాడు. తాలు పందొమ్మిది గ్రాములు వచ్చింది.

రెండో బస్తా గుచ్చలేదు.

"పైన కూడా గుచ్చి చూడు బావా" అన్నాడు బెలార్మీనో.

"పైన పెట్టేది చూపించడానికి. అడుగున పెట్టేది దాచడానికి" అన్నాడు ఆర్సేసియో, వరసంతా వినేలాగ. "దొంగ దొంగే. చుట్టమైనా దొంగే."

బెలార్మీనో పన్నెండు బస్తాలూ తనే మోసుకుని జీపులో వేసుకున్నాడు. ఆనాటి నుంచి అవతలి లోయలో ఎవరో వ్యాపారికి అమ్ముకుంటున్నాడు. సంఘం గడప తొక్కలేదు. అయినవాణ్ణి కూడా వదల్లేదన్న పేరు ఆర్సేసియోకి చాన్నాళ్ళు మిగిలింది. ఆ పేరు అతనికి నచ్చింది.

ఓదిలియా ఆ సాయంత్రం ఒక్కసారి ఏదో చెప్పబోయింది. వంటింటి మాటలు వంటింట్లో పెట్టుకో అన్నాడు. ఆమె పెట్టుకుంది. తర్వాత రెండు వారాలకొక ఆదివారం తమ్ముడి ఇంటికి వెళ్ళొచ్చేది. వెళ్తున్నానని చెప్పేది కాదు, వెళ్ళొచ్చావా అని ఇతను అడిగేవాడు కాదు.

ఆమె పోయినప్పుడు బెలార్మీనో కొత్త చొక్కా వేసుకుని చర్చి మెట్ల దగ్గరికి వచ్చాడు. శవపేటికను అన్నదమ్ములు మోయడం అక్కడి పద్ధతి. ఆర్సేసియో అడ్డంగా నిలబడ్డాడు. బస్తా అడుగున తాలు పోసిన చెయ్యి ఈ పెట్టె కింద పడటానికి వీల్లేదన్నాడు. బెలార్మీనో టోపీ తీసి వీధి అవతలికి వెళ్ళి నిలబడ్డాడు. ఆరో మనిషి దొరక్క శ్మశానంలో గోతులు తవ్వేవాణ్ణి పిలిచి పెట్టె మోయించారు.

ఇదంతా ఆర్సేసియోకి న్యాయంగానే కనిపించింది. ఆ న్యాయమంతా ఒక్క పందొమ్మిది గ్రాముల మీద నిలబడి ఉంది.

*

సగటు అంటే ఏమిటో అతనికి రెండో వారానికే పట్టుబడింది. సగటు ఒక్కటే చాలదనీ, అంకెలు దాని చుట్టూ ఎంత దూరం చెదిరి ఉన్నాయో కూడా చూడాలనీ నాలుగో వారానికి అర్థమైంది. పిల్లలకి లెక్కలు తొందరగా వచ్చేవి, సంగతి వచ్చేది కాదు. ఇతనికి లెక్క నెమ్మదిగా వచ్చేది గాని సంగతి అంతకు ముందే తెలిసి ఉండేది. తన చువ్వ గురించే చెబుతున్నారనిపించేది. బస్తా మొత్తం తెరిచి చూడలేం, పిడికెడు చూసి బస్తా గురించి చెప్పాలి. ఇదంతా తను ఎప్పుడో కనిపెట్టినట్టూ, వీళ్ళు దానికి పేర్లు పెట్టుకున్నట్టూ అనుకున్నాడు.

పదింటికి విరామం ఇస్తే పిల్లలు గుంపులుగా గేటు దగ్గర బండి మీదికి పరిగెత్తేవాళ్ళు. ఆర్సేసియో మెట్ల కింద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఉడికించిన అరటికాయా జున్నుముక్కా తినేవాడు. ఎవరూ ఇక్కడికి రండి తాతా అనలేదు. అన్నా వెళ్ళేవాడు కాదు. పన్నెండు తర్వాత జీపెక్కితే మళ్ళీ సోమవారం పొద్దున కేంద్రం తలుపు తీసేదాకా అతని నోట్లోంచి మాట వచ్చే అవసరం ఉండేది కాదు. ఒక్కో ఆదివారం సాయంత్రం గొంతు ఉందో లేదో చూసుకోవడానికి దగ్గేవాడు.

ఐదో వారం యురానీ, ఎవరి పనిలోంచి వాళ్ళు అంకెలు తెమ్మంది. నూబియా బస్సుల ఆలస్యాలు తెచ్చింది. ఆర్సేసియో తన పుస్తకాలు తెచ్చాడు. ప్రతి బస్తాకీ తేదీ, పేరు, పల్లె, తాలు గ్రాములు. ఎనిమిదేళ్ళవి పదకొండు పుస్తకాలు, ఒక్క కొట్టివేత లేదు. యురానీ వాటిని ఒక్కొక్కటే తిరగేసింది. విశ్వవిద్యాలయంలో ఇంత శుభ్రమైన అంకెలు తను చూడలేదంది. అతను పొంగిపోయాడు, పొంగినట్టు కనపడనివ్వలేదు.

పల్లెల వారీగా సగటు కట్టమంది. రెండు శనివారాలు పట్టింది. రోడ్డు పక్క పల్లెలకి ఎనిమిది గ్రాములు. గంట దూరం వాటికి పదకొండు. లా ఒర్కేతా వైపు వాటికి పద్నాలుగు. వెనక్కి పోయిన సరుకుల్లో ముప్పావు వంతు ఆ కొండవే.

నూబియా తొంగిచూసి నవ్వింది. "రోడ్డు పాడయ్యేకొద్దీ మనిషి కూడా పాడవుతాడా ఏంటి, దోన్ ఆర్సేసియో? నా బస్సులే నయం. అన్ని రూట్లలోనూ సమానంగా ఆలస్యం."

"కొండ మీద వాళ్ళు అంతే" అన్నాడు. "దూరం నుంచి వస్తే ఎవడూ అడగడనుకుంటారు."

యురానీ బల్ల అంచున కూర్చుంది. "నాకు ఒకటి చెప్పండి. ఈ పదకొండు పుస్తకాల్లో పైన గుచ్చి తీసిన మచ్చులెన్ని?"

"ఒక్కటీ లేదు."

"అంటే మీరు బస్తాని ఎప్పుడూ చూడలేదు. బస్తా అడుగుని చూశారు." తర్వాత బోర్డు దగ్గరికి వెళ్ళి అందరికీ చెప్పింది. తప్పులు రెండు రకాలంది. చెడ్డ సరుకుని లోపలికి తీసుకోవడం ఒకటి, మంచి సరుకుని వెనక్కి పంపడం ఒకటి. "మొదటిది మనకి తెలుస్తుంది, గోడౌన్లో కంపు కొడుతుంది. రెండోది ఎప్పటికీ తెలియదు. వెనక్కి పంపిన బస్తా మళ్ళీ మన కంటపడదు. అందుకని మొదటిదానికే భయపడతాం, రెండోది చేస్తూనే ఉంటాం."

ఆర్సేసియో పుస్తకాలు సంచీలో వేసుకుని, క్లాసు అవకముందే వెళ్ళిపోయాడు. మరుసటి శనివారం రాలేదు.

*

ఆ శనివారం అతను పెరట్లో ఉన్నాడు. యురానీ మాట తప్పని రుజువు చేసి, ఆ అంకెల కాగితం ఆమె బల్ల మీద పడేసి రావాలన్నది అతని పంతం. మోసం లేని కాఫీ ఆ కొండ రోడ్డంతా తిరిగొచ్చినా పైనా అడుగునా ఒకేలా ఉంటుందని చూపిస్తే చాలనుకున్నాడు.

ఇంటి వెనక అతనికి ఆరువందల మొక్కలున్నాయి. ఆ ఏడాది కాఫీ అంతా ఎండి ఉంది. నేల మీద పోసి, చెక్కపారతో మూడుసార్లు కలియబెట్టాడు. పది బస్తాలు నింపాడు. కొండ మీద వాళ్ళు గాడిద వీపు మీద రెండు వైపులా వంగేలా బస్తాల్ని వదులుగా నింపుతారు. అతనూ అలాగే నింపాడు. ప్రతి బస్తాకీ పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి మచ్చు తీశాడు. మొత్తం ముప్పై. తూచి, పొట్టు తీసి, ఏరి, మళ్ళీ తూచి, రాశాడు. ఎక్కడ గుచ్చినా తొమ్మిదే. మహా అయితే ఎనిమిది, లేకపోతే పది. సగటు తొమ్మిది. మూతులు కుట్టేశాడు.

ఆదివారం జీపు డ్రైవరుని పిలిచాడు. పది బస్తాలు లా ఒర్కేతా దాకా తీసుకెళ్ళి తీసుకురావాలన్నాడు.

"అక్కడ ఎవరికి దించాలి?"

"ఎవరికీ కాదు. మళ్ళీ ఇక్కడికే."

"అమ్మడానికి కాదు, దించడానికి కాదు. మరెందుకు?"

"ఊరికే తిప్పడానికి."

డ్రైవరు టోపీ వెనక్కి తోసుకున్నాడు. "మా ఆవిడ పెళ్ళైన దగ్గర్నుంచీ అలా తిప్పమంటోంది, దోన్ ఆర్సేసియో. మీ కాఫీ అదృష్టం."

ఆర్సేసియో వెనక కడ్డీ పట్టుకుని, బస్తాల దగ్గరే నిలబడి వెళ్ళాడు. గోతులు, రాళ్ళు, వాగులు. బస్తాలు ఒకదాని మీద ఒకటి కదులుతూ, లోపల గింజలు గలగలమంటూ, రానూ పోనూ నాలుగు గంటలు. లా ఒర్కేతాలో జీపు తిరిగేచోట డ్రైవరు గెడ్డం ఎత్తి చూపించాడు, అదిగో మీ బావమరిది ఇల్లు అని. నీలం తలుపు. అరుగు మీద ఎవరో ఉన్నారు. ఆర్సేసియో దిగలేదు.

సోమవారం సెలవు పెట్టి, మళ్ళీ ముప్పై మచ్చులు తీశాడు. కాఫీ అదే. చెయ్యి అదే. చువ్వ అదే. పైన మూడు గ్రాములు. నడుమ ఆరు. అడుగున పద్దెనిమిది. ఒకదాంట్లో పదహారు, ఒకదాంట్లో ఇరవై ఒకటి. పది బస్తాల్లో ఒక్కటి కూడా అడుగున పదిహేనులోపు లేదు. మూడు చోట్లదీ కలిపి సగటు తీస్తే మళ్ళీ తొమ్మిదే.

చిన్న గింజలు, ముక్కలు, తాలు అన్నీ కుదుపులకి సందుల్లోంచి జారి అడుగుకి చేరాయి. అంతే. రోడ్డు ఎంత పొడవైతే అంత జారతాయి. కొండ దొంగలేం చెయ్యలేదు, కొండ చేసింది.

తన పది బస్తాలూ తనే వెనక్కి పంపి ఉండేవాడు. వరస ముందు నిలబెట్టి తననే దొంగ అని ఉండేవాడు.

సాయంత్రం ఆకలి లేకపోయినా పొయ్యి వెలిగించాడు. ఒక్కడికి అన్నం వండటం రెండేళ్ళయినా చేతకాలేదు. ఎప్పుడూ ఎక్కువవుతుంది, లేకపోతే మాడుతుంది. బియ్యం డబ్బా ఖాళీ కావచ్చింది. గ్లాసుతో గీకితే గ్లాసంతా నూకలే వచ్చాయి. నూకల్ని చూస్తూ అలాగే నిలబడ్డాడు.

ఆ రోజు ఓదిలియా చెప్పబోయింది ఇదే. ఇదే డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నూకలెప్పుడూ అడుగునే ఉంటాయి కదండీ. మన వంటింట్లో మనల్ని ఎవరు మోసం చేశారు?" అంది. మొత్తం అనేసింది. అతను విన్నాడు కూడా. విని, వంటింటి మాట అన్నాడు.

ఆమెకి ఏ సర్టిఫికెట్టూ లేదు. ఎనిమిదేళ్ళు ముందే తెలుసు.

అన్నం మాడింది. తినలేదు.

*

తర్వాతి శనివారం వెళ్ళి కాగితాలు బల్ల మీద పెట్టాడు. పడెయ్యలేదు. యురానీ చదివి, ఒకే ఒక్క ప్రశ్న వేసింది. లా ఒర్కేతా కాఫీ జీపులో వచ్చేది రెండు గంటలే కదా, మీరు నాలుగు గంటలు తిప్పారేమిటి అని. మిగతా రెండు గంటలు గాడిద మీద అన్నాడు. సరే అంది. అందరికీ చెప్పమంది.

ముప్పై మంది ముందు నిలబడి ఆర్సేసియో తన అంకెలు చదివాడు. మూడు, ఆరు, పద్దెనిమిది. పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. అయ్యాక చప్పట్లు కొట్టారు. వాళ్ళకి అదొక తమాషా, ముసలాయన బస్తాలకి షికారు చేయించాడు. నూబియా మాత్రం కొట్టలేదు. మొదటి రోజు అతను ఎవరి మాట ఎత్తాడో ఆమె మర్చిపోలేదు.

"వీటిని బట్టి ఏం నిర్ణయం తీసుకుంటారు?" అని యురానీ అడిగింది. ఆ పాఠంలో ఆఖరి మెట్టు అదే.

"ఇకమీద ప్రతి బస్తా నేల మీద కుమ్మరించి కలిపి, అప్పుడు మచ్చు తియ్యాలి. అంత తీరిక లేకపోతే మూడు చోట్ల గుచ్చాలి."

"చాలా బాగుంది."

"ఇంతకు ముందు వెనక్కి పంపినవి?"

ఆమె పుస్తకం మూసింది. "దానికి ఈ చదువులో సమాధానం లేదు, దోన్ ఆర్సేసియో. ఇక్కడ ముందుకి పనికొచ్చేదే నేర్పుతాం."

ఐదుకి నాలుగు పాయింట్ ఎనిమిది మార్కులు వేసింది. గదిలో అందరికంటే ఎక్కువ. విరామంలో నూబియా మెట్ల కిందికి వచ్చి, అరటికాయలో సగం అడక్కుండానే విరుచుకుంది.

"మీ బావమరిది బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"మరి ఇక్కడ కూర్చుని ఏం తింటున్నారు?"

*

లా ఒర్కేతాలో బెలార్మీనో ఎండబెట్టే నేల మీద కాఫీని పారతో తిరగేస్తున్నాడు. ఆర్సేసియో కంచె దగ్గర నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు. జుట్టులో తెలుపు వచ్చింది. అడుగు వేసే తీరు మాత్రం అక్కది.

"దోన్ ఆర్సేసియో" అన్నాడు బెలార్మీనో. బావా అనలేదు. లోపలికి రమ్మనీ అనలేదు. ఆర్సేసియోనే లోపలికి వెళ్ళాడు.

జీపులో కూర్చుని నాలుగు రకాలుగా అనుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. సంచీలోంచి కాగితం తీసి అంకెలు చదివాడు. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. తిప్పాక మూడు, ఆరు, పద్దెనిమిది. బెలార్మీనో పార ఆపకుండా విన్నాడు.

"సగటు తొమ్మిదే. నీ కాఫీ ఆ రోజు మంచిదే" అన్నాడు ఆర్సేసియో.

"నాకు తెలుసు. బస్తాలో పోసింది నేనే కదా."

"తప్పు నాది."

"చువ్వది అంటారనుకున్నాను. ఫర్వాలేదు, చదువు బాగానే చెబుతున్నారు."

పార గోడకి ఆనించి లోపలికి వెళ్ళాడు. ఒక్క కప్పుతో తిరిగి వచ్చాడు. "తాగండి" అన్నాడు.

కాఫీ చేదుగా ఉంది. చేదు మాత్రమే కాదు, కాలిన కర్రలా, మట్టిలా ఉంది. ఇరవై ఏడేళ్ళు గింజలు చూసినవాడి నాలుకకి ఒక్క గుక్కలోనే తెలిసిపోయింది. తాలు. ఒట్టి తాలు వేయించి కాచింది.

"మా ఇంట్లో తాలు ఎక్కడికి పోతుందో ఆ రోజు అడిగితే చెప్పేవాణ్ణి. మా పొయ్యి మీదికి పోతుంది. మా అమ్మ రోజుల నుంచీ అంతే. మంచివి బస్తాకి, తాలు మాకు. అక్క వచ్చినప్పుడల్లా ఇదే తాగేది. మీ ఇంట్లో మంచి కాఫీ తాగి తాగి నోరు చచ్చిపోయిందనేది."

ఆర్సేసియో కప్పులోకి చూశాడు. "ఇంకేమనేది?"

"మీ గురించా? ఏమీ అనేది కాదు. అడిగితే, ఆయన వింటాడురా, కానీ నేనుండను అనేది." బెలార్మీనో నేల మీది గింజల్లోంచి ఒక రాయి ఏరి కంచె అవతలికి విసిరాడు. "అది మాత్రం సరిగ్గా చెప్పింది."

ఎండలో కాఫీ పొట్టు చిటపటమంది.

"ఏం చెయ్యమంటావో చెప్పు" అన్నాడు ఆర్సేసియో. "చేస్తాను."

"చేస్తావా?" బెలార్మీనో మొదటిసారి అతని మొహంలోకి చూశాడు. "అక్కని మొయ్యాలి. మోయిస్తావా? గోతులు తవ్వేవాడు మోశాడు మా అక్కని. వాడికి అక్క పేరు కూడా తెలీదు. నేను వీధి అవతల నిలబడ్డాను, టోపీ చేత్తో పట్టుకుని. నీ కాగితంలో దానికేమన్నా ఉందా?"

"లేదు."

"లేదు కదా." పార మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. గొంతు మామూలైపోయింది. "కప్పు ఆ అరుగు మీద పెట్టి వెళ్ళండి, దోన్ ఆర్సేసియో. జీపు మూడింటికి."

ఆర్సేసియో కప్పు అడుగుదాకా తాగాడు. అడుగున మడ్డి ఉంది. అదీ తాగాడు. కప్పు అరుగు మీద పెట్టి రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు. జీపు రావడానికి ఇంకా గంటన్నర ఉంది. అంతసేపూ వెనక నుంచి పార చప్పుడు ఆగలేదు.

*

సోమవారం కేంద్రం ముందు నలభై మంది దాకా వరసలో ఉన్నారు. ఆర్సేసియో చువ్వ పక్కన పెట్టి, కాటా పలక మీద ఎక్కి నిలబడ్డాడు.

"ఎనిమిదేళ్ళ కింద ఇదే చోట లా ఒర్కేతా బెలార్మీనో కుయ్యార్‌ని దొంగ అన్నాను. అతను దొంగ కాదు. నేను గుచ్చడం తప్పు."

వరసలో ఇద్దరు ముసలివాళ్ళు నేల చూశారు. మిగతావాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఎవరాయన అని ఒకమ్మాయి అడిగింది. పోయాడా ఏంటి పాపం అన్నాడు ఇంకొకడు.

"లేదు. ఉన్నాడు."

"ఉంటే ఆయనకే చెప్పొచ్చు కదండీ" అంది ఆ అమ్మాయి, విసుగ్గా కాదు, మామూలుగానే. "మాకు పదకొండింటి జీపు పోతుంది."

ఆర్సేసియో దిగాడు. అప్పుడు అన్నది విన్నవాళ్ళు చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళు మర్చిపోయారు. ఆ మాట ఎనిమిదేళ్ళూ ఇద్దరి దగ్గరే ఉండిపోయింది, ఒకడు మోశాడు, ఒకడు మురిశాడు. మొదటి బస్తా మూతి విప్పి నేల మీద కుమ్మరించాడు. ఇదేం కొత్త రోగం అని వెనక నుంచి ఎవరో గొణిగారు. పారతో కలియబెట్టి మచ్చు తీశాడు. పదకొండింటి జీపు పోయింది. తిట్టారు. పడ్డాడు.

డిసెంబరులో సర్టిఫికెట్ వచ్చింది. సంఘం వాళ్ళు దాని నకలు తీసుకుని, మీరు కొనసాగవచ్చని రాశారు. చువ్వ అతని చేతిలోనే ఉంది. బెలార్మీనో రాలేదు. లా ఒర్కేతా జీపు వచ్చిన ప్రతిసారీ ఆర్సేసియో తల ఎత్తి చూస్తాడు.

కొత్త పుస్తకంలో పేజీకి మూడు గళ్ళు గీశాడు. పైన, నడుమ, అడుగు. గీశాక పాత పుస్తకం వెతికి తీసి, ఎనిమిదేళ్ళ నాటి ఆ పేజీ తెరిచాడు. ఆ ఒక్క వరసకి కూడా స్కేలు పెట్టి అవే మూడు గళ్ళు గీశాడు. అడుగు అన్న గడిలో పందొమ్మిది ఉంది. కొట్టెయ్యలేదు, ఆ అంకె నిజమే. మిగతా రెండు గళ్ళలో రాయడానికి అతని దగ్గర ఏమీ లేదు.

పుస్తకం మూసి, బియ్యం కడగడానికి లేచాడు.